పెద్దమ్మ కూర్చున్న కారు

పోయిన వారం మా కారు కిటికీ అద్దం కిందికి దిగి మళ్లీ పైకి రానని మొరాయిస్తే, హనుమకొండలో బాగుచేసే చోటికి తీసుకుపోయాం. చల్లటి గదిలో కూర్చోబెట్టి, కాగితపు కప్పులో కాఫీ ఇచ్చి, మెడలో కంపెనీ కార్డు వేసుకున్న ఒకతను కంప్యూటర్‌లో కాసేపు వెతికాడు. "సారీ మేడం, ఈ మోడల్‌కు పార్టు వచ్చుడు బందయింది" అన్నాడు. మా ఆయన వెంటనే వాదనకు దిగారు. కొని ఎన్నేళ్లయిందని, అప్పుడేం చెప్పారని, ఇప్పుడేం చెబుతున్నారని. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. పార్టు వచ్చుడు బందయింది. ఈ మాట నాకు కొత్త కాదు. ఒకప్పుడు కాశిబుగ్గలో ఒక ఇంట్లో అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా వినేదాన్ని.

డెబ్బయ్యో దశకం నడుమ, వరంగల్‌లో ఆడపిల్లల బడిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది మొదలు పెళ్లయ్యేదాకా, మా అమ్మకు అక్క అయిన పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. ఆమె భర్త పెద్దబాపుది నూలు దుకాణం. కాశిబుగ్గ నేతగాళ్లకు నూలు చిలపలు కట్టలు కట్టలుగా అమ్మేవాడు. తెల్ల ధోవతి, నల్ల గొడుగు, పొడుగు ముక్కు, ఎప్పుడూ ఏదో లెక్క తప్పిపోయినట్టు కొంచెం బెంగగా ఉండే మొహం. వేగమంటే ఆయనకు భయం. రిక్షావాడు వాలులో తొక్కడం మానేసి బండిని దానంతటది పోనిస్తే, "అరె, కాళ్లు పెట్టరా, కాళ్లు పెట్టు" అని వెనక నుంచి అరిచేవాడట. అటువంటి మనిషి కారు కొన్నాడంటే మా చుట్టాల్లో చాలామంది నమ్మలేదు. నమ్మినవాళ్లు నవ్వారు.

కొనడానికి కారణం పెద్దమ్మ. నేను వాళ్లింటికి రావడానికి ముందటి ఏడు, స్టేషను దగ్గర వానలో రిక్షా ఒరిగి ఆమె కింద పడింది. పైకి ఒక గాయం లేదు, చుక్క రక్తం లేదు. లేవబోతే కాళ్లు లేవలేదు. నడుములో నరం నలిగిందన్నారు, మెల్లగా అదే సర్దుకుంటుందన్నారు, హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు, తీసుకుపోతే ఎందుకు తెచ్చారన్నారు. పెద్దమ్మ మంచం మీద పడుకుని పైకప్పు దూలాలు చూస్తూ ఒక ఏడాది గడిపింది. రిక్షాలో కూర్చోబెడితే ఒక్కో గుంతకు ప్రాణం పోయేంత నొప్పి. అంతకుముందు ఆమె కాలు ఇంట్లో నిలిచేది కాదు. కూరగాయలకు తనే పోయేది, ఎవరింట్లో పురుడైనా పెళ్లయినా తనే ముందుండేది. ఆ మనిషి, "ఇవ్వాల బజార్ల ఏముందే? ఎవలు కలిసిండ్రు?" అని నన్ను అడుగుతుంటే, చూసినవీ చూడనివీ కలిపి చెప్పేదాన్ని.

ఆ సమయంలోనే ఊరు విడిచిపోతున్న ఒక ముసలి డాక్టరు తన కారు అమ్ముతున్నాడని తెలిసింది. ఎప్పటిదో విలాయతీ కారు, పాలపిట్ట రెక్క రంగు. పెద్దబాపు పోయి ఇంజను చూడలేదు, చక్రాలు చూడలేదు. వెనక సీటులో కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చుని, కిందికీ మీదికీ ఊగి చూశాడు. పరుపు కొన్నట్టు కొన్నాడు ఆ కారును. దాన్ని తయారుచేసే కంపెనీ ఆ రకాన్ని ఎప్పుడో మానేసిందని, దానికి ఈ దేశంలో పార్టులు రావడం బందయిందని తెలిసింది ఆ తర్వాత, మొదటిసారి అది నడిరోడ్డు మీద నిలబడిపోయినప్పుడు.

కానీ సీటు విషయంలో ఆయన లెక్క తప్పలేదు. పెద్దమ్మను ఎత్తి అందులో కూర్చోబెట్టి, నడుము వెనక రెండు దిండ్లు సర్దితే ఆమెకు నొప్పి తెలిసేది కాదు. సాయంత్రం దుకాణం కొడుకు చేతికి అప్పగించి పెద్దబాపు వచ్చేవాడు. నేను బడి నుంచి వచ్చేదాన్ని. ముగ్గురం బయల్దేరేవాళ్లం. ఆయన నడిపే తీరుకు పక్క నుంచి సైకిళ్లు మమ్మల్ని దాటిపోయేవి. సైకిలు మీది మనుషులు వెనక్కి తిరిగి నమస్తే చెప్పేంత తీరిక ఉండేది. ఖిలా వరంగల్ దాకా పోయి, ఆ రాతి దర్వాజల మలుపుల్లో ఎదురుగా మేకలొస్తే అవన్నీ వెళ్లిపోయేదాకా ఇంజను ఆపి కూర్చునేవాడు. లోపల పడిపోయిన రాళ్ల మధ్య కారు నిలిపితే, ఉడకబెట్టిన పల్లీలు అమ్మే ఆడమనిషి కిటికీలో మోచేతులు ఆనించి పెద్దమ్మతో తన కోడలి సంగతంతా చెప్పేది. తిరిగొచ్చేటప్పుడు పెద్దమ్మ మొహం కడిగినట్టు తేటగా ఉండేది.

అందుకని ఆ కారును నడిపించడమే పెద్దబాపు బతుకైపోయింది. నూలు గురించి తప్ప ఏమీ తెలియని మనిషి, నాలుగైదేళ్లలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పాత బండి గురించి సలహా చెప్పే స్థితికి వచ్చాడు. పార్టు కోసం పోతే దాని పేరు చెప్పొద్దు, విరిగిందాన్నే జేబులో వేసుకుని పో, ఒక్కో బజార్లో ఒక్కో పేరు ఉంటది అనేవాడు. పాత పార్టు ఎంత అరిగినా పారెయ్యొద్దు, రేపు దాన్ని చూసే కొత్తది చేయించాలి. తుప్పు పట్టిన బోల్టుతో కుస్తీ పట్టొద్దు, కిరోసిన్ పోసి అన్నం తిని రా. ఎండాకాలం పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగితే భయపడొద్దు, తడిగుడ్డ చుట్టి చెట్టుకింద కూర్చో. పెట్రోలు టాంకీ చెమరుస్తుంటే స్నానం సబ్బు రుద్ది ఇల్లు చేరుకో. రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు వెయ్యి. ఈ చివరిది చేసిన ప్రతిసారీ వంటింట్లో పసుపు డబ్బా మాయమయ్యేది. పప్పు తెల్లగా వచ్చిందంటే ఆ రోజు కారు కారిందని మాకు అర్థమయ్యేది.

మండిబజారు వైపు ఒక మెకానిక్ ఉండేవాడు. ఊళ్లో అందరూ ఉస్తాద్ అనేవాళ్లు, మేమూ అంతే. లావుపాటి మనిషి, బీడీ ఆర్పకుండా నవ్వేవాడు. కారు కంటే ఆయనకు పెద్దమ్మ మీద గురి. ఎందుకంటే కదలకుండా కూర్చున్న ఆ మనిషి చెవికి కారులోని ప్రతి చప్పుడూ తెలిసేది. "ఇగో, జర ఆపుండ్రి. ఎడమదిక్కు వెనకాల ఏదో నములుతాంది" అనేది. పెద్దబాపుకు ఏమీ వినిపించేది కాదు. ఉస్తాద్ విప్పి చూస్తే ఆ చక్రంలోనే బేరింగ్ అరిగి ఉండేది. "పెద్దమ్మా, నువ్వు నా దుకాణంల కుర్చీ ఏసుకోని కూసో, బండ్లన్ని నీ ముంగటి నుంచి పంపిస్త" అని ఆయన నవ్వితే, పెద్దమ్మ కూడా నవ్వేది. ఆమె నవ్వు విని పెద్దబాపు తన చేతులకున్న గ్రీజు ధోవతికి తుడుచుకునేవాడు. ఆయన ధోవతులన్నీ అట్లాగే నాశనమయ్యాయి.

అట్లా నడుస్తున్న రోజుల్లో ఒక ఎండాకాలం, నర్సంపేట అవతలి మా ఊరి నుంచి కబురొచ్చింది. మా ఇంట్లోనే ఉండే అమ్మమ్మకు బాగాలేదు, పెద్దబిడ్డను చూడాలంటోంది అని. పెద్దమ్మ పడిపోయిన తర్వాత తల్లిని చూసింది ఒక్కసారే. ఒకసారి వచ్చిపోయిన అమ్మమ్మ బస్సు పడక మళ్లీ ఇటు రాలేదు, ఆ కారును నమ్ముకుని పెద్దమ్మ అంత దూరం అటు పోలేదు. కబురు తెచ్చినతను ఇంకా మంచినీళ్లు తాగుతుండగానే పెద్దబాపు కారు దగ్గరికి పోయి నీళ్లు, నూనె, గాలి చూశాడు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. పెద్దమ్మ ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. దారంతా మాట్లాడుతూనే ఉంది. తల్లి చేసే సకినాల గురించి, చిన్నప్పుడు తను బావిలో జారవిడిచిన చెంబు గురించి.

ఎండ ఇంకా ముదరకముందే, ఇటు ఊరు అటు ఊరు లేని చోట, కారు వెనక నుంచి టక్కున ఒక్క చప్పుడు. పెద్ద చప్పుడేం కాదు, ఎండుకట్టె విరిచినట్టు. ఇంజను నడుస్తూనే ఉంది, గేరు పడుతూనే ఉంది, కారు మాత్రం కదలడం లేదు. పెద్దబాపు మళ్లీ మళ్లీ గేరు వేశాడు. దిగి చుట్టూ తిరిగాడు. వంగి కిందికి చూశాడు. ఆయన లేచి నిలబడేసరికి పెద్దమ్మే అంది, "యాక్సిల్ ఇరిగింది గదా?" ఇంజను బలాన్ని వెనక చక్రానికి అందించే ఉక్కు కడ్డీ అది. తడిగుడ్డకూ పసుపుకూ సబ్బుకూ లొంగేది కాదు. ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత జరిగిందంతా ఇప్పటికీ నాకు ఎండలో తెల్లగా కనిపిస్తుంది. ఒక బస్సు వచ్చింది. జనం తలుపుల దాకా ఉన్నారు. పడుకోబెట్టకుండా ఆమెను అందులోకి ఎక్కించే దారి లేదు. కండక్టర్ మంచివాడే, కిందికి దిగొచ్చి చూసి, తల అడ్డంగా ఆడించి మళ్లీ ఎక్కాడు. వరంగల్ వైపు పోయే ఇంకో బస్సు డ్రైవరు చేత ఉస్తాద్‌కు చెప్పి పంపాము, ఎట్లాగైనా ఒక టాక్సీ తెమ్మని. పక్క చేలో నుంచి ఎడ్లబండి తీసుకుని ఒక రైతు వచ్చాడు. గడ్డి పరిచి, అందరం పట్టి పెద్దమ్మను అందులో పడుకోబెట్టాం. బండి కదిలి ఒక్క గుంత దాటేసరికి ఆమె వేసిన కేక విని ఎడ్లే ఆగిపోయాయి. మళ్లీ తెచ్చి కారులోనే కూర్చోబెట్టాం. ఆకుపచ్చ చీరంతా గడ్డిపోచలు. ఒక్కొక్కటే ఏరుకుంటూ, నన్ను చూసి, "నువ్వు బస్సెక్కి పో బిడ్డా. నేనొస్తాన్న అని చెప్పు. మా అమ్మ ఆగుతది" అంది.

నేను పోయేసరికి అమ్మమ్మ మంచం చుట్టూ అందరూ ఉన్నారు. నన్ను చూసి, నా వెనక గుమ్మం వైపు చూసింది. "పెద్దది రాలే?" అంది. "తొవ్వల ఉన్నది అమ్మమ్మా, వస్తాంది" అన్నాను. అదొక్కటే నాకు తెలిసిన నిజం. ఇంకొకసారి అడిగింది, మళ్లీ అదే చెప్పాను. తర్వాత అడగలేదు. మధ్యాహ్నం ఎండ గోడ దిగుతుండగా పోయింది.

టాక్సీ దొరకలేదు. పెళ్లిళ్ల రోజులు, ఊళ్లో ఉన్నవన్నీ బాసికాలు కట్టుకున్నవాళ్ల వెంట పోయాయి. ఉస్తాద్ ఎవరినో బతిమాలి ట్రాక్టర్ మీద వచ్చాడు. తాడు ఎటువైపు కట్టాలని అడిగాడట, వెనక్కి వరంగల్‌కా అని. "ముంగటికే కట్టు" అందట పెద్దమ్మ. పొద్దు కుంకే వేళ మా వాగు ఇసుకలో నుంచి దుమ్ము లేపుకుంటూ ట్రాక్టర్ వచ్చింది, దాని వెనక తాడుకు పాలపిట్ట రంగు కారు. స్టీరింగ్ పట్టుకుని పెద్దబాపు, వెనక సీటులో నిటారుగా పెద్దమ్మ. వాడకట్టు పిల్లలకు అది నవ్వొచ్చే దృశ్యమే, ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. మా ఇంటి ముందు పరిచిన చాప, దాని చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు కనబడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

ఆమెను దించి తల్లి పక్కన కూర్చోబెట్టారు. గట్టిగా ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. తల్లి చెంప మీద చెయ్యి పెట్టి, "నా గురించి అడిగిందా?" అంది. అడిగిందన్నాను. "నువ్వేమన్నవ్?" చెప్పాను. తల ఊపింది. పెద్దబాపు లోపలికి రాలేదు. చీకటి పడేదాకా కారు దగ్గరే నిలబడి, భుజం మీది కండువాతో దుమ్ము పట్టిన అద్దాన్ని తుడుస్తూ ఉన్నాడు. శుభ్రమైన తర్వాత కూడా తుడుస్తూనే ఉన్నాడు.

పెద్దమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. "ఇనుముకు ఏం తెలుస్తది, అమ్మ పిలిచిందని?" అంది ఒకసారి, అంతే. తిట్టి ఉంటే బాగుండేదేమో. ఏమీ అనకపోయేసరికి ఆయన తనకు తానే గడువు పెట్టుకున్నాడు. "ఏడాదిమాసికం నాటికి అయినా నిన్ను అదే కారుల తీస్కపోత" అన్నాడు. ఆ ఏడాదంతా విరిగిన యాక్సిల్ ముక్కను గుడ్డలో చుట్టుకుని తిరిగాడు. హైదరాబాదులో పాత ఇనుము అమ్మే గల్లీలన్నీ తిరిగాడు. బొంబాయి, మద్రాసు నూలు వ్యాపారులకు సరుకు గురించి రెండు మాటలు రాస్తే యాక్సిల్ గురించి పది మాటలు రాసేవాడు. అందరూ ఆ రకం కారు పేరు చెప్పగానే ముందు ముచ్చటపడేవాళ్లు, మా తాతకు ఉండేదనేవాళ్లు, తర్వాత లేదనేవాళ్లు. లేత్ మిషను నడిపే ఒకాయన అచ్చం అటువంటిదే కోసి ఇచ్చాడు. చూడటానికి వెండి కడ్డీలా ఉండింది. అది ఇంటి నుంచి గల్లీ మలుపు దాకా నడిచి అక్కడ విరిగింది. ఆకారం తేవచ్చు గాని ఆ ఉక్కు గట్టిదనం మన దగ్గర రాదన్నాడు ఉస్తాద్.

చివరికి అమ్మమ్మ పోయి ఏడాది నిండే ఆ మాసికం దగ్గరపడుతుండగా మద్రాసు నుంచి రైల్లో ఒక పొడుగాటి చెక్కపెట్టె వచ్చింది. పెద్దబాపు స్టేషనుకు తనే పోయి, దాన్ని రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. గ్రీజు కాగితం విప్పితే అచ్చమైన యాక్సిల్, కంపెనీ ముద్రతో సహా. ఇంట్లో ఆ రోజు పాయసం చేశారు. ఉస్తాద్ కారు కిందికి దూరి చాలాసేపు తిప్పలు పడ్డాడు. బయటికొచ్చి, కొత్తదాన్నీ విరిగిన ముక్కనూ పక్కపక్కన పెట్టి, చివరన ఉండే పళ్లను వేలితో ముట్టుకుంటూ లెక్కబెట్టాడు. మళ్లీ లెక్కబెట్టాడు. కొత్తదానికి ఒక పన్ను ఎక్కువ.

"సేట్ సాబ్" అన్నాడు, బీడీ ఆర్పేసి. "ఇది అక్క కాదు, చెల్లె. మొకం, సూరత్ ఒక్కటే, కాని తర్వాత పుట్టిన బండిది. మన దాంట్ల పట్టది."

"జర అరగదీస్తే?"

"పన్ను అరుగుతది గని లెక్క తగ్గుతదా సేట్?"

పెద్దబాపు అరుగు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, వాటితో ఇంకేం చెయ్యాలో తెలియనివాడిలా వాటినే చూసుకున్నాడు. ఉస్తాద్ సామాను సర్దకుండా ఆయన పక్కనే కూర్చున్నాడు. లోపల పాయసం చల్లారిపోయింది. మాసికం నాడు నేనొక్కదాన్నే ఊరికి పోయొచ్చాను. పెద్దమ్మ తన వంతుగా ఒక దీపం వెలిగించమని నాకు ఒత్తులు చేసి ఇచ్చింది.

తర్వాత కొన్నాళ్లకు, ఒక సాయంత్రం, పెద్దబాపు దుకాణం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే పెద్దమ్మ లోపలి నుంచి పిలిచింది. "ఇగో, నన్ను కారుల కూసోబెట్టుండ్రి."

"అది పోదు గదనే" అన్నాడు ఆయన.

"పోకుంటే మాయె. కూసునుడుకు యాక్సిల్ ఎందుకు?"

ఇద్దరం కలిసి ఎత్తి కూర్చోబెట్టాం. కారును ముందే ఇంటి ముందుకు నెట్టించి, ముక్కు వీధివైపు ఉండేలా నిలిపాడు ఉస్తాద్. ఆ సాయంత్రం మొదలు అది అలవాటైంది. మగ్గాల మీంచి లేచొచ్చిన ఆడవాళ్లు చేతుల రంగు కడుక్కోకుండానే వచ్చి కిటికీ దగ్గర నిలబడేవాళ్లు. పూలమ్మే మనిషి గంప బానెట్ మీద పెట్టేది. ఎవరి మొగుడు కోపమొచ్చి పోయాడో, ఎవరి బిడ్డ పాసయిందో, అన్నీ ఆ వెనక సీటుకు చేరేవి. పెద్దబాపు ముందు సీటులో కూర్చునేవాడు. చేతులు స్టీరింగ్ మీదే ఉండేవి, ఇంకెక్కడ పెట్టాలో తెలియనట్టు. ఒకసారి పెద్దమ్మ, "జర మెల్లగ పోనియ్యుండ్రి, మేకలొస్తాన్నయి" అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గాని, ఆ నవ్వు నాకు అద్దంలో కనిపించింది, దాన్ని నేను నవ్వు అనలేను. ఆయనకు కావలసింది ఆమెను తీసుకుపోవడం. కూర్చోబెట్టడం కాదు.

అట్లా కొన్నేళ్లు గడిచాయి. నా పెళ్లయి హనుమకొండకు మారినా సాయంత్రాలు పోయి వస్తుండేదాన్ని. ఎనభయ్యో దశకంలో ఒక వానాకాలం పెద్దమ్మకు జ్వరం వచ్చింది. దవాఖానలో నాలుగు రోజులు ఉంచుకున్నారు. తగ్గుతుందన్నారు. తగ్గలేదు. ఆమె పోయిన తర్వాత పెద్దబాపు దుకాణానికి పోవడం మానేశాడు. కారు మీద టార్పాలిన్ కప్పి, దాని మీద ఆకులు పడితే రోజూ ఊడ్చేవాడు.

మరుసటి ఏడు కరీంనగర్ నుంచి ఒక పెద్దమనిషి వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనకూ అదే రకం కారు ఉందట, తండ్రి వాడింది. దానికి కార్బురేటర్ పాడైంది. హైదరాబాదు పాత ఇనుము గల్లీలో ఎవరో చెప్పారట, వరంగల్‌లో ఒక నూలు సేట్ దగ్గర ఇటువంటిది ఉందని. చెబుతూ చెబుతూ ఆయన తన చేతిసంచి లోంచి గుడ్డలో చుట్టిన పాత కార్బురేటర్‌ను తీసి అరుగు మీద పెట్టాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. పెద్దబాపు దాన్ని చాలాసేపు చేతిలో తిప్పి చూశాడు. తర్వాత లేచి, కిరోసిన్ సీసా, పానాలు తెచ్చుకుని, టార్పాలిన్ తీసి బానెట్ ఎత్తాడు.

అది మొదలు. ఆయన పేరు ఎట్లా పాకిందో గాని నిజామాబాద్ నుంచి, కర్నూలు నుంచి, ఒకసారి నాగపూర్ నుంచి కూడా మనుషులొచ్చారు. తలుపు పిడి కోసం, హెడ్‌లైటు అంచు కోసం, గేరు రాడ్డు కోసం. ఆయన ప్రతిదీ తన చేత్తోనే, తొందరపడకుండా, బోల్టు విరగకుండా విప్పి, కిరోసిన్‌లో కడిగి, పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చేవాడు. "పాతది పారెయ్యకుండ్రి" అని చెప్పి మరీ పంపేవాడు. కొడుకు, "నాయినా, గిట్ల ఊర్లోళ్లకు పంచుతాన్నవేంది?" అంటే, "వాళ్ల బండ్లల్ల కూసునేటోళ్లున్నరు రా" అన్నాడు. మెల్లగా కారు కరిగిపోయింది. ఎవరైనా వెనక సీటు అడిగితే మాత్రం, అది ఎదురుగానే కనబడుతున్నా, "లేదు" అనేవాడు. వాళ్లు దాని వైపు చూసి, ఆయన వైపు చూసి, ఇంకేం అడక్కుండా పోయేవాళ్లు.

ఇప్పుడు నా వయసు అప్పటి పెద్దమ్మ వయసును దాటి చాలా దూరం వచ్చింది. ఆమెను తలుచుకున్నప్పుడల్లా పెద్దమ్మా అనే పిలుస్తాను గాని, కళ్ల ముందు కనిపించేది నాకంటే బాగా చిన్నదైన ఒక ఆడమనిషి. కాలం మనుషులను తీసుకుపోయి ఊరుకోదు, వరసలను కూడా తలకిందులు చేసి పోతుంది.